గ్రహణపు నీడలో మన కొండలు

1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రాన్సు శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ వాళ్లలో పోగ్సన్ మచిలీపట్నంలో, చింతామణి రఘునాథాచారి వనపర్తిలో టెలిస్కోపులు పెట్టారు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగులో ఆనాడు కనబడిన పసుపు గీతే తరువాత హీలియం ఆచూకీ తెలిపింది.

వనపర్తికీ గుంటూరుకూ మధ్య నల్లమల ఉంది. చంద్రుడి దట్టమైన నీడ చెంచు పెంటల మీదుగానే సాగింది. అదే ఉదయం ఆదిలాబాద్ గోండు గూడేలకు, అరకు కొండలకు దక్కింది పాక్షిక గ్రహణం. పుస్తకాల్లో మాత్రం టెలిస్కోపులు పెట్టిన ఊళ్ల పేర్లే మిగిలాయి.

యువ మిత్రులారా, దట్టమైన నీడ భూమి మీద సన్నని దారిలా పోతుంది. దాని చుట్టూ వేల కిలోమీటర్ల మేర పలచని నీడ పరుచుకుంటుంది. ఆ పలచని నీడలో ఉన్నవాళ్లందరికీ కనబడేది పాక్షిక గ్రహణమే. 2019 డిసెంబర్ 26న కేరళ, తమిళనాడుల్లో, 2020 జూన్ 21న రాజస్థాన్, హర్యానాల్లో వలయం కనబడితే, మనకు రెండుసార్లూ కొరికిన రొట్టెలాంటి సూర్యుడే కనబడ్డాడు. 2022 అక్టోబర్ 25న దట్టమైన నీడ అసలు భూమికే తగల్లేదు. అందుకే ఆ గ్రహణం లోకమంతటా పాక్షికమే.

పాక్షిక గ్రహణంలో వట్టి కళ్లతో సూర్యుణ్ణి చూడదగిన క్షణం ఒక్కటీ లేదు. నల్లద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు. అయితే అడవి బిడ్డలకు అడవే దారి చూపుతుంది. ఆ సమయంలో ఇప్ప చెట్టు కింద నేల చూడండి. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలై కనబడతాయి.

1980 ఫిబ్రవరి 16 గ్రహణం హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో సంపూర్ణం, ఆదిలాబాద్ అడవుల్లో పాక్షికం. ఆ మధ్యాహ్నాన్ని చూసిన అవ్వలు, తాతలు ఇంకా మన గూడేల్లో ఉన్నారు. పశువులు ఏం చేశాయి, పిట్టలు ఎటు పోయాయి, పెద్దలు ఏం చెప్పారు? వాళ్ల పక్కన కూర్చుని అడగండి, మన భాషలోనే రాసి పెట్టండి. 2031 మే 21న మనకు మళ్లీ పాక్షిక గ్రహణం ఉంది. అప్పటిదాకా ఆగితే చెప్పేవాళ్లు మిగలరు. 1868లో మన పూర్వులు చూసింది రాసినవాళ్లు లేరు. ఈసారి ఆ లోటు మన చేతుల మీదుగా జరగకూడదు.