పెంటకుప్ప నుంచి పొడి చెత్త డిపో దాకా: నిజాంపేటలో వేరు చేసే పని చరిత్ర

పొదుపు, అప్పులు, వసూళ్ల లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఇక్కడ ఒక పని చరిత్ర చెప్పుకుందాం. పాల కవరు, ఖాళీ సీసా, అట్టపెట్టె, పగిలిన బకెట్టు మన ఇంటి గడప దాటినాక ఎవరో ఒకరు వాటిని వేరు చేయాల్సిందే. ఆ పని ఒక్కో కాలంలో ఎవరు చేశారు, ఎక్కడ కూర్చుని చేశారు, వాళ్ల చేతికి ఏం దక్కింది అని వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. వేరు చేసే పని ఇంటి నుంచి ఎంత దూరం జరిగితే, ఆ పని చేసే మనిషికి అంత తక్కువ దక్కింది. సరుకు విలువా అట్లనే పడిపోయింది. డిపో పని చేస్తున్న, చేయబోతున్న మన అక్కచెల్లెళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలె.

ఊరు ఊరుగా ఉన్నప్పుడు

నిజాంపేట పల్లెగా ఉన్న రోజుల్లో 'చెత్త' అనే మాటకు ఇప్పుడున్న అర్థం లేదు. కూరగాయ తొక్కలు, గంజి, మిగిలిన అన్నం కుడితిలోకి పోయేవి. పేడ, బూడిద, ఊడ్చిన కసువు పెంటకుప్ప మీదికి పోయేవి. ఎండాకాలంలో ఆ పెంటను బండ్లతోటి పొలాలకు తోలేవాళ్లు. పాత చీరలు బొంతలయ్యేవి. బొక్కపడ్డ గిన్నెకు మాటు వేయించేవాళ్లు, ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టించేవాళ్లు.

ఇంట్లో పనికిరానిది కూడా వట్టిగా పోయేది కాదు. పాత ఇనుముకు ఉల్లిగడ్డలు, పాత చీరలకు స్టీలు గిన్నెలు, దువ్వెనకు వచ్చిన జుట్టుకు పిన్నులు ఇచ్చేటోళ్లు గల్లీల్లో తిరిగేవాళ్లు. అందుకే ఇంటి ఆడవాళ్లు జుట్టు ఒక సందులో, ఇనుము ఒక మూలన, పాత బట్ట ఒక మూటలో దాచేవాళ్లు. దేనికి దానికి వేరే గిరాకీ ఉంది గనుక దేన్ని దానికే వేరుగా పెట్టారు. దీనికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. బియ్యంలో రాళ్లు ఏరే చెయ్యే ఈ పనీ చేసింది. లాభం చిన్నదే కావచ్చు, కానీ అది ఇల్లాలి చేతికే వచ్చింది. బేరం ఆమెదే, గిన్నె ఆమెదే.

పాత సామాన్ల బండి

పట్నం పెరిగినకొద్దీ మారకం పోయి కాంటా వచ్చింది. "పాతిన్ప సామాన్ల్... ప్లాస్టిక్ సామాన్ల్ కొంటం" అనే కేక మనందరికీ తెలుసు. పేపరు, పుస్తకాలు, సీసాలు, ఇనుము తూకానికి పోయినయ్. బండివాళ్లు గల్లీ చివర కబాడీ దుకాణంలో అమ్ముతారు. అక్కడి నుంచి సరుకు పెద్ద గోదాములకు పోతుంది. ముషీరాబాద్ పక్కనున్న భోలక్‌పూర్ ఇట్లాంటి గోదాములకు పేరుబడింది. కాటేదాన్ పారిశ్రామికవాడలో ప్లాస్టిక్‌ను కరిగించి మళ్లీ గింజలు చేసే యూనిట్లు ఉన్నాయి. వాడుకోదగ్గ పాత వస్తువులు జుమ్మెరాత్ బజారుకు, పాత పుస్తకాలు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌కు చేరతాయి.

ఈ గొలుసులో ప్రతి మెట్టు దగ్గరా ఒకసారి వేరు చేయుడు జరుగుతుంది, ప్రతి మెట్టు దగ్గరా ధర పెరుగుతుంది. ఇంటి దగ్గర 'ప్లాస్టిక్' అనే ఒక్క పేరుతో పోయిన సరుకు గోదాము చేరేసరికి గట్టిది, మెత్తది, రంగుది, తెల్లది అని పది పేర్లు పెట్టుకుంటుంది. పేర్లు తెలిసినవాళ్లకే పైసలు దక్కినయ్. అట్టడుగున, కుప్పల్లో ఏరి గోనె సంచిలో మోసుకొచ్చే ఆడవాళ్లకు, పిల్లలకు మాత్రం సంచి మొత్తానికి ఒకటే రేటు.

బల్దియా, డంపు

హైదరాబాద్‌లో మునిసిపల్ శాఖ 1869లో, మొదటి సాలార్‌జంగ్ కాలంలో మొదలైంది. అప్పటి నుంచి వందేళ్లకు పైగా బల్దియా దృష్టిలో చెత్త అంటే ఊరి బయటికి మోసి పారబోసే బరువే. 1990లలో కాలనీ సంఘాలకు మూడు చక్రాల రిక్షాలు ఇచ్చి ఇంటింటి సేకరణ చేయించారు. వీధులు శుభ్రపడ్డాయి. కానీ రిక్షాలో ఒకటే డబ్బా కాబట్టి తడి, పొడి కలిసే పోయినయ్.

దేశమంతా ఇదే కథ. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ తర్వాత, 2000 సంవత్సరంలో కేంద్రం మునిసిపల్ ఘన వ్యర్థాల నిబంధనలు తెచ్చింది. వేరు చేయాలని వాటిలో రాసి ఉంది. కాగితం మీది మాట బండిలోకి ఎక్కలేదు. నగరం చెత్త జవహర్‌నగర్‌లో గుట్టయింది. ఆ చుట్టుపక్కల జనం వాసనతోటి, చెడిన నీళ్లతోటి ఏళ్ల తరబడి కొట్లాడారు. తర్వాత ఆ పాత గుట్టను కప్పేశారు. 2020లో అక్కడే చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. అయితే తడిసిన చెత్త సరిగ్గా మండదు గదా. ఎరువు చేయాలన్నా, అమ్మాలన్నా, కాల్చాలన్నా ముందు వేరు చేయాల్సిందే.

ఇంట్లో పది నిమిషాల్లో అయ్యే పని గుట్ట మీద పగలంతా చేసినా తెగదు. పప్పులో తడిసిన పేపరును ఎవరూ కొనరు. మురిగిన అన్నం అంటిన కవరు కడుగుడుకు అయ్యే ఖర్చు దాని ధర కన్నా ఎక్కువ. వేరు చేసే పని డంపు దాకా జరిగిన కాలంలో ఆ పని చేసినవాళ్లకు దక్కినవి గాజు గాట్లు, సూది పోట్లు, దగ్గు.

రోడ్డు ఇవతల, అవతల

1998లో సైబర్ టవర్స్ తెరిచారు. ఐటీ కొలువులు పెరిగినకొద్దీ కూకట్‌పల్లి దాటి నిజాంపేట దాకా అపార్టుమెంట్లు లేచినయ్. 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీ ఏర్పడినప్పుడు కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్ మునిసిపాలిటీలు అందులో కలిశాయి. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ మాత్రం పంచాయతీలుగానే ఉండిపోయినయ్. రోడ్డు అవతల మహానగరం, ఇవతల గ్రామ పంచాయతీ. ఉండే జనం, కొనే సామాను, పారేసే కవరు రెండు పక్కలా ఒకటే.

2015లో స్వచ్ఛ హైదరాబాద్ పేరుతో జీహెచ్‌ఎంసీ ఇంటికి రెండు డబ్బాలు పంచింది. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం. స్వచ్ఛ ఆటోలు వచ్చినయ్. పంచాయతీకి అంత బలం లేదు. పల్లె కోసం కట్టిన వ్యవస్థ మీద అపార్టుమెంట్ల బరువు పడింది. అట్లని పంచాయతీలు చేతులు ముడుచుకొని కూర్చున్నాయని కాదు. ప్రగతినగర్ పంచాయతీగా ఉన్నప్పుడే ప్లాస్టిక్ కవర్లు వద్దన్న కాలనీగా పేరు తెచ్చుకుంది.

2017 నవంబరులో మియాపూర్ వైపు మెట్రో నడిచింది. 2019లో మూడు ఊళ్లు కలిపి నిజాంపేట మునిసిపల్ కార్పొరేషన్ చేశారు. 2020 జనవరిలో మొదటి ఎన్నికలు జరిగినయ్. పంచాయతీ ఊరు మునిసిపాలిటీ అయితే మహిళా సంఘాలు గ్రామ సమాఖ్య వరుస నుంచి మెప్మా కిందికి, పట్టణ సమాఖ్య వరుసలోకి వస్తాయి. చాలామందికి ఇది పుస్తకాల మీది పేరు మార్పుగానే అనిపించింది. కానీ చెత్త సంగతిలో మాత్రం ఈ మార్పు మనకు ఒక తలుపు తెరిచింది.

చట్టంలో మన పేరు

2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు పాతవాటి చోటు తీసుకున్నాయి. చెత్త పుట్టిన చోటే తడి, పొడి, ఇంటి ప్రమాదకర వ్యర్థాలు అని మూడుగా వేరు చేయాలన్నాయి. ఇంకో మాట కూడా వాటిలో ఉంది. స్థానిక సంస్థలు స్వయం సహాయక సంఘాల ఏర్పాటుకు తోడ్పడాలి, గుర్తింపు కార్డులు ఇవ్వాలి, ఇంటింటి సేకరణతో సహా చెత్త నిర్వహణలో వాళ్లను కలుపుకోవాలి. అంటే డిపోలో మన చోటు ఎవరి దయా కాదు. రాసి ఉన్న మాటే.

అదే నిబంధనలు చెత్త ఏరుకునేవాళ్లను కూడా గుర్తించాలన్నాయి. ఇది మరిచిపోవద్దు. మనం ఆప్రాన్ వేసుకొని డిపోలోకి పోయినప్పుడు, అప్పటిదాకా అదే సరుకు మీద బతికిన ఇంకో ఆడమనిషి బయట నిలబడే ప్రమాదం ఉంది. పుణెలో 1993లోనే చెత్త ఏరేవాళ్లు సంఘం పెట్టుకున్నారు. తర్వాత వాళ్ల సహకార సంఘం 'స్వచ్ఛ్' నగరపాలికతో ఒప్పందం చేసుకొని ఇంటింటి సేకరణ చేసింది. అక్కడ ఏరేవాళ్లే సభ్యులు. మన సంఘాల్లో కూడా వాళ్లకు చోటు పెట్టాలి. సరుకు పేర్లు మనకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు.

చేసి చూపినవాళ్లు

చట్టం కన్నా ముందే ఈ దారిన నడిచిన ఊరు మన రాష్ట్రంలోనే ఉంది. అప్పటి నల్లగొండ జిల్లా సూర్యాపేటలో 2003 తర్వాత మునిసిపాలిటీ వీధి చెత్తకుండీలు తీసేసి, తడి, పొడి వేరుగా ఇంటింటికీ పోయి తీసుకుంది. తడిది వానపాముల ఎరువయింది, పొడిది అమ్మకానికి పోయింది. మహిళా సంఘాలు అప్పు తీసుకొని కొన్న ట్రాక్టర్లను మునిసిపాలిటీ కిరాయికి పెట్టుకుంది. సంఘం అప్పు ఇంటి ఖర్చుకు కాక ఊరి పనికి పెట్టుబడి అయింది.

ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ ఇంకొక అడుగు ముందుకేసింది. 2015 నుంచి అక్కడ నాలుగు వందలకు పైగా మహిళలు వార్డు కేంద్రాలు నడుపుతున్నారు. ఇళ్ల నుంచి రుసుము వసూలు చేస్తారు, పొడి సరుకును వంద దాటిన రకాలుగా వేరు చేసి అమ్ముతారు. పాత డంపు చోట పార్కు వచ్చింది. ఈ రెండు ఊళ్లలోనూ పెద్ద మిషన్ల కన్నా ముందు ఇంటి దగ్గర రెండు డబ్బాలు వచ్చినయ్.

డిపోలో వేరు చేయుడు

2020లో పట్టణ ప్రగతి మొదలైనాక మునిసిపాలిటీల్లో పొడి చెత్త కేంద్రాలు, అంటే మనం డీఆర్‌సీసీ అంటున్న డిపోలు, పెంచుతూ వచ్చారు. అక్కడ చేతికి వచ్చే సరుకు గురించి కొన్ని మాటలు.

నీళ్ల సీసా, దాని మూత ఒకటే ప్లాస్టిక్ కాదు. కడిగే తొట్టిలో సీసా ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలుతాయి. రెండూ వేరుగా ఇస్తే రేటు నిలబడుతుంది. సీసా ముక్కల నుంచి పాలిస్టర్ దారం తీస్తారు. మన ఒంటి మీది చీరల్లో కూడా ఆ రకం దారం ఉండవచ్చు.

పాల కవరు కడిగి ఆరబెడితే మంచి సరుకు. మూల పూర్తిగా కత్తిరించి పారేయకుండా చిన్న గాటు పెట్టుకుంటే ఆ ముక్క మోరీలోకి పోదు. మన దగ్గర ఆన్‌లైన్ కొనుగోళ్ల వల్ల అట్టపెట్టెలు దండిగా వస్తాయి. టేపు తీసి, మడిచి, తడవకుండా పెట్టాలి. చిప్స్ ప్యాకెట్లలో పొరలు అతికి ఉంటాయి, వాటిని విడదీయలేరు. కొనేవాళ్లు దొరకరు గనుక ఇట్లాంటివి సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలకు పోవాలి. థర్మకోల్ నిండా గాలే. బండి నిండినా కాంటా ముల్లు కదలదు. ట్యూబులైట్లు, బ్యాటరీలు, పాత మందులు మూడో డబ్బాలోవి, పొడి సరుకులో కలపొద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది శానిటరీ ప్యాడ్ల సంగతి. 2016 నిబంధనలు వాటిని చుట్టి పొడి చెత్తలో వేయమన్నాయి. అవి వచ్చి చేరేది డిపోలో ఇంకో ఆడమనిషి చేతుల్లోకే. పేపర్లో గట్టిగా చుట్టి, ఎర్ర గుర్తు పెట్టి, వేరే సంచిలో ఇయ్యమని ప్రతి అపార్టుమెంటుకు చెప్పాలి. దీనికి సిగ్గు పడేది ఏం లేదు. చెప్పకపోతే మన చెల్లెలు చేతులతో విప్పి చూడాల్సి వస్తది.

వచ్చే ఏడాదికి

ఈ చరిత్ర నుంచి మనం నాలుగు పనులు ముందు పెట్టుకోవచ్చు. మొదటిది, ప్రతి సభ్యురాలి ఇంట్లో మూడు డబ్బాలు. మన ఇంట్లో లేనిది పక్కింటికి చెప్పలేం. రెండోది, డిపోలో రకం వారీగా తూకం, రేటు రాసే పుస్తకం. పొదుపు పుస్తకం రాయగలిగిన చెయ్యి ఇదీ రాయగలదు. మూడోది, గ్లౌజులు, బూట్లు, ధనుర్వాతం టీకా, గుర్తింపు కార్డు లేకుండా ఎవరినీ పనికి దించొద్దు. నాలుగోది, గల్లీలో చెత్త ఏరే కుటుంబాల నుంచి సంఘంలోకి సభ్యులను తీసుకోవాలి.

మన అమ్మమ్మలు ఇనుము ఒక మూలన, పాత బట్ట ఒక మూటలో దాచినప్పుడు బేరం వాళ్ల చేతిలో ఉండె. మధ్యలో వచ్చిన యాభై ఏళ్లలో అది చేజారింది. ఇప్పుడు కాంటా మళ్లీ మన ముందుకు వచ్చింది. అయితే డిపోకు సరుకు కలగాపులగంగా వస్తే ఈసారి కూడా మనకు దక్కేది వాసనే. అందుకే ఈ పని డిపోలో కన్నా ముందు వంటింటి గడప దగ్గర మొదలు కావాలె. ఇంటింటికీ పోయి ఆ మాట చెప్పే అలవాటు, ఓపిక మన సంఘాలకు ముందు నుంచీ ఉన్నదే.