ఆమ్లములో నానిన యెముక

ఎముక రాయివలె జడమైన వస్తువని లోకులు తలంతురు. అది సరికాదు. ఎండిన యెముక బరువులో సుమారు మూడింట రెండు పాళ్లు ఖటికము, భాస్వరము కూడిన లవణములు. తక్కిన దానిలో నధికభాగము కొల్లాజెన్ అను మాంసకృత్తు. ఎముకను కాల్చినచో లవణము మాత్రమే మిగిలి, ముట్టినంతనే పొడియగును. హైడ్రోక్లోరికామ్లములో నానవేసినచో లవణము కరగిపోయి మాంసకృత్తు నిలుచును. ఆకారము చెడదు గాని, సన్నని యెముకను త్రాడువలె ముడివేయవచ్చును. పాఠశాలలలో వినోదముగ చూపబడు నీ పరీక్ష శస్త్రవైద్యమున గొప్ప మార్పునకు దారితీసినది.

1867లో లిస్టరు కార్బాలికామ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించెను. అంతట వైద్యులకు ధైర్యము కలిగి, చీముపట్టిన యెముకను చెక్కివేయ సాహసించిరి. కాని యట్లేర్పడిన గోతిని పూడ్చుటెట్లు? స్విట్జర్లాండున పుట్టి చికాగోలో ప్రసిద్ధికెక్కిన నికొలస్ సెన్ 1889లో నొక యుపాయమును వెల్లడించెను. ఎద్దు ఎముకను ఆమ్లములో నానబెట్టి, లవణమును తొలగించి, క్రిమిసంహారక ద్రవ్యమును పట్టించి, ఆ గోతులలో నింపెను. గోతులు పూడెను. ఐనను ఆ పదార్థము క్రిమిసంహారకమును మోయు వాహనమనియు, ఖాళీని నింపు పూరకమనియు మాత్రమే చాలకాలము భావింపబడెను. అందులో నిగూఢమైయున్న శక్తి గుర్తింపబడుటకు మఱి 76 సంవత్సరములు పట్టినది.

1965లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన మార్షల్ ఉరిస్టు, ఆమ్లముచే లవణము తీసిన యెముకను జంతువుల కండలలో నుంచి చూచెను. ఎముక యెన్నడును పుట్టని చోటది. అచ్చటనే క్రొత్త యెముక పుట్టినది! చుట్టునున్న సామాన్య కణములే యెముకను కట్టు కణములుగా మారినవి. లవణమునడుమ చిక్కుకొని యుండిన యేదో మాంసకృత్తు ఆమ్లము వలన బయటపడి ఆ కణములకు ఆజ్ఞ యిచ్చుచున్నదని యాతడూహించెను. 1971లో దానికి ఎముకరూపకల్పక మాంసకృత్తు అను నర్థము వచ్చు పేరు పెట్టబడెను.

ఈ పరిశోధనను ముందునకు నడిపిన వారిలో మన దేశమునుండి వెళ్లిన హరి రెడ్డి యొకరు. ఆయన 1972లో, నోబెల్ బహుమానము నందిన చార్లెస్ హగ్గిన్సుతో కూడి, ఎలుకలలో ఈ మార్పు క్రమమును వర్ణించెను. సుమారు ఏడవ దినమునకు మృదులాస్థి, పది పండ్రెండు దినములకు ఎముక, ఇరువదియొకటవ దినమునకు మజ్జ కనబడును. 1981లో కుబేర్ సంపత్తును, రెడ్డియు ఆ మాంసకృత్తులను కరగించి వేరుచేసి, మరల కొల్లాజెన్ తో కలిపినచో శక్తి తిరిగివచ్చునని చూపిరి. 1988లో వాని జన్యువులు కనుగొనబడినవి.

ఈ పదార్థమునకు మితి కలదు. లవణము పోయినందున బరువు మోయజాలదు. విరిగిన కాలిని లోహపుబద్దయే నిలుపవలెను. ఆమ్లములో మితిమీరి నానినచో శక్తి క్షీణించును. దాతనుబట్టియు, తయారీనిబట్టియు గుణము మారుచుండును.

దాత యనగా నెవరు? నేడు వైద్యులు వాడు నీ పదార్థము ముఖ్యముగ మృతులైన మనుష్యుల యెముకలనుండి చేయబడుచున్నది. చావునింట ఎముక ముట్టినచో స్నానము చేయుదుము. అస్థులను నదిలో కలిపి పుణ్యము గడించితిమనుకొందుము. ఐనను దేవతల మేలుకై తన యెముకల నిచ్చిన దధీచిని మహర్షియని కొనియాడుదుము. పురాణమున పూజ్యమైనది గృహమున మైల యెట్లగును? మన దేశమున అవయవదానమునకు 1994లో చట్టమేర్పడినది. 2011 నాటి సవరణచే ధాతువులును అందు చేరినవి. చట్టము ద్వారమును తెరచినది. ఇక గృహస్థులు తమ సమ్మతిని బ్రతికియుండగనే భార్యాబిడ్డలకు తెలియజేయవలెను. ఆప్తులు దుఃఖములో మునిగియున్నవేళ నొకరు వచ్చి యడిగినప్పుడు, ముందుగ చెప్పిన యొక్క మాట వారికి గొప్ప యూతయగును.