నిలువని పాచికలు
మొహెంజొదారోలో కాల్చిన మట్టి పాచికలు లభించినవి. మట్టి నిలిచినది గనుక వాటికి చరిత్ర కలిగినది. ఋగ్వేదములోని జూదరి పాచికలు విభీతక ఫలములు, అనగా మన తాండ్రకాయలు. అవి మన్నులో కలిసిపోయినవి. శంఖినీ, డంకినీ నదులు కలియు దంతెవాడ సీమ అడవులలో ఆ వృక్షము నేటికిని కలదు, చింతయు కలదు. తెలుగునాట అష్టాచెమ్మకు గవ్వలు లేనివారు చింతగింజలను రాతిపై ఒకవైపు తెల్లబడునట్లు అరగదీయుదురు. నాలుగును తెల్లగా పడిన నాలుగు, నల్లగా పడిన ఎనిమిది. గీతలకు నేల, పావులకు గులకరాళ్ళు చాలును. పిదప వాన గీతలను చెరపును, చెదలు గింజలను తినును. కావున దంతపు పాచిక దొరకినచోటనే ఆట యుండెననియు, దొరకని అడవిలో లేదనియు చరిత్రకారుడు తలచుట న్యాయము కాదు.