మీగడ రంగు గులాబీ: అంటు కింది పిలకతో జాగ్రత్త

హైబ్రిడ్ టీ గులాబీలలో మొదటిదిగా 1867 నాటి ఫ్రెంచి రకం ‘లా ఫ్రాన్స్’ను పేర్కొంటారు. పొడవైన కాడకు ఒకే పెద్ద పువ్వు పూయడం ఈ వర్గపు లక్షణం. లేత మీగడ రంగు రకాలలో ‘ఎలీనా’ ప్రసిద్ధం. 2006లో ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య దానికి విశిష్ట స్థానమిచ్చింది.

నర్సరీలో కొనే మొక్క సాధారణంగా అంటుమొక్క. అడుగున మొరటు గులాబీ వేరు, పైన మేలు రకపు కన్ను ఉంటాయి. అంటు కట్టినచోట కనిపించే ఉబ్బు కిందినుండి లేచే పిలక ఎంత ఏపుగా ఉన్నా మొరటు జాతిదే. ముచ్చటపడి దానిని ఉంచితే సారమంతా లాగేసుకుంటుంది. పై అంటు క్రమంగా క్షీణించి చనిపోతుంది. తర్వాత చిన్న పూల గుత్తులు చూసి, గులాబీ రంగు మారిందని ఇంటివారు భ్రమపడతారు. ఆకుకు ఏడు రెమ్మలుంటే అనుమానించవచ్చు గాని, ఆ లెక్క ఒక్కటే చాలదు. మన్ను తొలగించి పిలక పుట్టినచోటు చూడాలి. పైపైన కత్తిరిస్తే మళ్ళీ మొలుస్తుంది కనుక మొదలంటా పెరికివేయాలి.

నాటేటప్పుడు ఉబ్బు నేలకు పైనే ఉండాలి. రోజుకు ఆరు గంటల ఎండ అవసరం. లేతరంగు రేకులపై తామర పురుగుల మరకలు, తేమవల్ల వచ్చే బూజు చుక్కలు ఇట్టే కనబడతాయి. అందుచేత పూలు తడవకుండా ఉదయమే మొదట్లో నీరు పోయాలి. వాడిన పూలను తీసివేయాలి. బెంగళూరు, హోసూరు ప్రాంతాలలో అక్టోబరు కత్తిరింపులు వాడుక. సుమారు ఆరేడు వారాలకు కొత్త కొమ్మలు పూతకొస్తాయి.