మీ ఎడిటర్‌లో ఎరుపు నిజంగా ఎరుపేనా?

ఈరోజు కోడ్ గురించి కాదు, కోడ్ కనిపించే రంగుల గురించి మాట్లాడుకుందాం. ముందు నా గురించి ఒక మాట, ఇన్నాళ్లూ కెమెరా ముందు చెప్పలేదు. నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలీదు. చిన్నప్పుడు చేలో పండుమిర్చి ఏరమంటే పచ్చివి కూడా తెంపుకొచ్చేవాణ్ణి. ధ్యాస లేదని అమ్మ తిట్టేది.

ఫస్ట్ జాబ్‌లో ఒక రాత్రి రిలీజ్ ఉంది. టెస్టులు రన్ చేసి, స్క్రీన్ మొత్తం చూసి, "అన్నా, అన్నీ పాస్" అన్నా. కాలేదు. రెండు లైన్లు ఎర్రగా ఉన్నాయి. "అంత ఎర్రగా ఉంటే కనబడట్లేదారా?" అని మా సీనియర్ అడిగితే, నిద్రమత్తు అని అబద్ధం చెప్పా. ఆ వారమే టెర్మినల్ రంగులు ఎలా మార్చాలో వెతకడం మొదలుపెట్టా. వెతుకుతుంటే వెనకున్న కథంతా బయటికొచ్చింది.

మొదట్లో రంగులే లేవు. 1976లో బిల్ జాయ్ వీఐ ఎడిటర్ రాసినప్పుడు వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌ది ఒకటే రంగు. 1978లో వచ్చిన వీటీ100లో బోల్డ్, అండర్‌లైన్, బ్లింక్ లాంటివి ఉన్నాయి కానీ రంగు లేదు. రంగుల టెర్మినల్స్ కోసం స్టాండర్డ్‌లో నంబర్లు ఇచ్చారు: 0 నలుపు, 1 ఎరుపు, 2 ఆకుపచ్చ, 3 పసుపు, 4 నీలం, 5 మెజెంటా, 6 సయాన్, 7 తెలుపు. 3 పసుపు ఎందుకంటే 1, 2 కలిపితే 3 కాబట్టి. ఎరుపు కాంతి, ఆకుపచ్చ కాంతి కలిస్తే పసుపే కదా.

అసలు పాయింట్ ఇక్కడుంది. ప్రోగ్రామ్ ఎస్కేప్ కోడ్‌లో 31 అని పంపితే "ఒకటో నంబర్ రంగులో రాయి" అని మాత్రమే అర్థం. ఆ ఒకటో నంబర్ ఏ షేడ్‌లో కనబడాలో తేల్చేది టెర్మినల్.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1981 నాటి ఐబీఎం పీసీ. దాని సీజీఏ కార్డ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, వెలుగు అని నాలుగు సిగ్నల్స్, అంటే 16 రంగులు. లెక్క ప్రకారం ఎరుపు, ఆకుపచ్చ రెండూ తక్కువ వెలుగులో కలిస్తే మురికి పసుపు రావాలి. అది బాగోలేదని ఐబీఎం 5153 మానిటర్‌లో ఆ ఒక్క రంగు కోసం ప్రత్యేకంగా సర్క్యూట్ పెట్టి, ఆకుపచ్చని తగ్గించి, బ్రౌన్ చేసేశారు. కార్డ్ పంపింది ఒకటి, మానిటర్ చూపించింది ఇంకోటి!

మరి టెక్స్ట్‌లో ఏ భాగం ఏంటో రంగుతో చెప్పడం ఎక్కడ మొదలైంది? తొలి ఎడిటర్లలో ఒకటి లెక్స్. 1985లో ఐబీఎంలో మైక్ కౌలిషా రాశారు. అదీ ప్రోగ్రామర్ల కోసం కాదు, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని కోసం. నిఘంటువులో ఒక్కో ఎంట్రీలో మాట, అర్థం, పాత పుస్తకాల నుంచి ఉదాహరణలు అన్నీ కలిసిపోయి ఉంటాయి, రంగు లేకుండా విడదీసి చూడటం నరకం. ఆ డిక్షనరీ రెండో ఎడిషన్ 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. విమ్‌కి మాత్రం సింటాక్స్ రంగులు 1998లో, 5.0 వెర్షన్‌తో వచ్చాయి.

2011లో ఈథన్ స్కూనోవర్ సోలరైజ్డ్ థీమ్ తెచ్చారు. 16 రంగుల్లో 8 నేపథ్యానికీ మామూలు అక్షరాలకీ పనికొచ్చే మెత్తటి షేడ్‌లే. టెర్మినల్‌లో అవి పట్టడానికి కాంతివంతమైన రంగుల నంబర్లు వాడుకున్నారు. అందుకే ఆ థీమ్‌లో ఏదైనా పాత ప్రోగ్రామ్ "బ్రైట్ గ్రీన్" అడిగితే బూడిద రంగు వస్తుంది. బగ్ కాదండీ, నంబర్‌కి ఉన్న స్వేచ్ఛ అది.

నేనూ అదే చేశా. టెర్మినల్ సెట్టింగ్స్‌లో 1ని నారింజ, 2ని ఆకాశనీలం చేశా. అంతే, టెస్టులు, గిట్ డిఫ్, అన్నీ ఒకేసారి మారాయి. ఒక్క జాగ్రత్త: విమ్‌లో టెర్మ్‌గుయ్‌కలర్స్ ఆన్‌లో ఉంటే అది నంబర్ కాకుండా అసలు రంగునే పంపుతుంది, కాబట్టి అక్కడ హైలైట్ కమాండ్‌తో విడిగా మార్చుకోవాలి.

నెల తర్వాత మా సీనియర్‌కి నిజం చెప్పా. ఆయన నా స్క్రీన్ వైపు కాసేపు చూసి, "ఇప్పుడిది ఫెయిలా, పాసా?" అని అడిగాడు.