చదువుల చట్టానికి గడువు తేదీ

చదువుల మీద ఎక్కడ చర్చ మొదలైనా రెండో నిమిషంలో మెకాలే పేరు వచ్చి తీరుతుంది. తిట్టేవారు తిడతారు, మెచ్చేవారు మెచ్చుకుంటారు. కానీ 1835లో ఆయన రాసిన మినిట్ చాలావరకు ఒక తగువు. అప్పటికి 22 ఏళ్ళ కిందట వచ్చిన ఒక చట్టంలో ఒక్క సెక్షనుకు అర్థం ఏమిటన్నదే ఆ తగువు. ఆ సెక్షను ఎలా పుట్టిందో మనవాళ్ళు పెద్దగా చెప్పుకోరు. నా దృష్టిలో మెకాలే కన్నా అదే ముఖ్యం.

ఈస్టిండియా కంపెనీకి బ్రిటిష్ పార్లమెంటు 20 ఏళ్ళకోసారి చార్టర్ పొడిగించేది. 1793, 1813, 1833, 1853 ఆ సంవత్సరాలు. గడువు తీరాక కొత్త చట్టం లేకపోతే కంపెనీకి అధికారం ఉండదు. అంచేత ఇష్టం ఉన్నా లేకపోయినా సభ ముందుకు వచ్చి జవాబు చెప్పుకోవాల్సిందే. 1793లో విల్బర్‌ఫోర్స్ భారతదేశానికి ఉపాధ్యాయులను, మత ప్రచారకులను పంపాలన్నాడు. కంపెనీ డైరెక్టర్లు అడ్డుపడ్డారు, ప్రతిపాదన వీగిపోయింది. 20 ఏళ్ళు గడిచాయి, మళ్ళీ గడువు వచ్చింది, మళ్ళీ చర్చ వచ్చింది. ఈసారి 43వ సెక్షను చట్టంలోకి ఎక్కింది. ఏడాదికి లక్ష రూపాయలకు తగ్గకుండా సాహిత్యాభివృద్ధికి, దేశీయ పండితుల ప్రోత్సాహానికి, శాస్త్రవిజ్ఞానాన్ని ప్రవేశపెట్టడానికి కేటాయించాలని దాని సారాంశం.

నేను రక్షణశాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి నా కన్ను ఆ లక్ష మీద కన్నా దాని ముందున్న షరతు మీద పడింది. సైన్యం, పరిపాలన, వ్యాపారం ఖర్చులన్నీ పోయి, అప్పుల మీద వడ్డీ కట్టిన తర్వాత మిగులు ఉంటే అందులోంచి ఇవ్వాలట! అంటే సైన్యానికి మొదటి బంతి, చదువుకు ఆఖరి బంతి. 1823లో కలకత్తాలో ప్రజావిద్యా కమిటీ వేసేదాకా ఆ లక్షను పద్ధతి ప్రకారం ఖర్చు పెట్టే ఏర్పాటే లేదు. కేటాయింపు వేరు, ఖర్చు వేరు. ఈ తేడా తెలియకపోతే బడ్జెట్ ఉపన్యాసాలన్నీ వినసొంపుగానే ఉంటాయి.

డబ్బు కదిలేసరికి అది సంస్కృత కళాశాల వైపు పోయింది. 1823 డిసెంబరు 11న రామమోహన్ రాయ్ గవర్నర్ జనరల్ ఆమ్హర్స్ట్‌కు రాసిన లేఖను హేతువాదులంతా చదవాలి. సంస్కృతం బాగా తెలిసిన ఆ మనిషే ఈ సొమ్ముతో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, శరీరనిర్మాణశాస్త్రం చెప్పించమని అడిగాడు. ప్రభుత్వం వినలేదు. 1824లో సంస్కృత కళాశాల తెరిచారు.

1853 గడువుకు ముందు పార్లమెంటు కమిటీలు విద్య మీద కూడా సాక్ష్యాలు తీసుకున్నాయి. దాని ఫలితమే 1854 నాటి ఉడ్ డిస్పాచ్, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు. అయితే ఆ 1853 చట్టంలోనే 20 ఏళ్ళ గడువు తీసేశారు. పార్లమెంటు మరోలా నిర్ణయించేదాకా సాగుతుంది అన్నారు. 1858లో కంపెనీ పాలనే పోయింది. దాంతో పాటు లెక్క అడిగే తేదీ కూడా పోయింది. డిస్పాచ్ ఎంతవరకు అమలైందో చూడడానికి హంటర్ కమిషన్ వేసింది 1882లో, అంటే 28 ఏళ్ళకు. రైతుల దగ్గర వసూలు చేసిన పన్నులు పైకులాల చదువులకు ఖర్చవుతున్నాయని జ్యోతిరావు ఫూలే ఆ కమిషన్‌కు చెప్పాడు. అడిగేవాడు వస్తేనే ఆ మాట రికార్డుకెక్కింది.

ఇక మన రాజ్యాంగం చూడండి. అందులో మొదట పదేళ్ళ మాట ఉండిన అధికరణాలు రెండు చెబుతాను. చట్టసభల్లో ఎస్సీ, ఎస్టీ స్థానాల రిజర్వేషన్‌కు 334వ అధికరణం పదేళ్ళ గడువు పెట్టింది. పొడిగించకపోతే ఆగిపోతుంది. అందుకే 2019 దాకా ఏడుసార్లు పార్లమెంటు కూర్చుని పొడిగించింది. 14 ఏళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యకు ప్రయత్నించాలన్న అప్పటి 45వ అధికరణంలోనూ పదేళ్ళే ఉండేది. కానీ అది ఆదేశిక సూత్రం. గడువు దాటినా ఏదీ ఆగిపోదు. 1960 వచ్చింది, పోయింది. చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1993లో ఉన్నికృష్ణన్ కేసులో చెప్పేదాకా, 2002లో రాజ్యాంగ సవరణ వచ్చేదాకా, 2010లో విద్యాహక్కు చట్టం అమలయ్యేదాకా ఎన్ని తరాల పిల్లలు బడి బయటే పెద్దవాళ్ళయ్యారో ఆలోచించండి.

జాతీయ విద్యావిధానాల సంగతీ అంతే. 1968 విధానం అయిదేళ్ళకోసారి సమీక్ష అంది. తర్వాతి విధానం 1986లో వచ్చింది. అదీ అయిదేళ్ళకోసారి అనే అంది. 1990లో రామమూర్తి కమిటీ, ఆ తర్వాత అప్పటి మన ముఖ్యమంత్రి జనార్దనరెడ్డి అధ్యక్షతన మరో కమిటీ చూశాక 1992లో సవరించారు. ఆ తర్వాత కొత్త విధానం 2020లో, మళ్ళీ 28 ఏళ్ళకే! జాతీయాదాయంలో 6 శాతం చదువుకు అని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 2020 విధానం కూడా అదే 6 శాతం చెబుతూ, ఖర్చు 4.43 శాతం దగ్గరే ఉందని ఒప్పుకుంది.

తేదీ ఉంటే అన్నీ చక్కబడతాయని నేను అనను. విద్యాహక్కు చట్టం టీచర్ల శిక్షణకు అయిదేళ్ళు ఇచ్చింది. పని పూర్తికాలేదు. కానీ తేదీ ఉంది కాబట్టి ప్రభుత్వం 2017లో సభకు వచ్చి, సవరణ పెట్టి, 2019 మార్చి దాకా టైము అడగాల్సి వచ్చింది. పని కాలేదన్న సంగతి బహిరంగంగా తేలింది.

గడువు తీరితే పిల్లల హక్కే పోతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నేను హక్కుకు గడువు పెట్టమనడం లేదు. ప్రభుత్వం లెక్క చెప్పడానికి గడువు పెట్టమంటున్నాను. అయిదేళ్ళకోసారి అన్న మాటను విధానపత్రంలోంచి తీసి చట్టంలో రాయాలి. ఆ తేదీకి నివేదిక సభ ముందు పెట్టకపోతే విద్యాశాఖ పద్దు ఓటింగుకు రాకూడదని కూడా రాయాలి. దేశాన్ని దోచుకోవడానికి వచ్చిన కంపెనీ చేత కూడా 20 ఏళ్ళకోసారి జవాబు చెప్పించింది ఒక తేదీ. మనం ఓటేసి గెలిపించినవారిని అంతకన్నా తక్కువ అడగడం ఏం న్యాయం?