కోల్పోయిన గర్భం, మిగిలిన హక్కు : ప్రసూతి ప్రయోజనాల చరిత్రలో గర్భస్రావం

భారతదేశంలో ప్రసూతి ప్రయోజనాల చరిత్రను సాధారణంగా వారాల లెక్కతో చెబుతారు. 1961లో 12 వారాలు, 2017లో 26 వారాలు అన్న ఆరోహణ క్రమంలో ఆ కథనం సాగుతుంది. బిడ్డ చేతికి రాని స్త్రీకి ఈ కథనంలో దక్కిన స్థానమేమిటని ప్రశ్నించినప్పుడు అదే చరిత్ర వేరొక రూపంలో కనిపిస్తుంది. ఆ రూపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ నష్టాన్ని తెలుగు వాడుకలో ‘కడుపు పోయింది’ అంటారు. అది ఏ నెలలో పోయిందన్న భేదం ఆ మాటలో లేదు. వైద్య సంప్రదాయం మాత్రం భేదాన్ని పాటించింది. నాలుగవ నెల వరకు జరిగేది స్రావమని, అయిదు, ఆరు నెలల్లో జరిగేది పాతమని సుశ్రుత సంహిత విభజించింది. ఆధునిక చట్టం కూడా ఒక గీత గీయవలసి వచ్చింది. అయితే ఇక్కడ గీతకు ఇరువైపులా ఉన్నది చికిత్స కాదు, వేతనం.

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రసూతి రక్షణపై ఒడంబడికను ఆమోదించింది. 1924లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిన బిల్లు నెగ్గలేదు. బొంబాయి రాష్ట్రం 1929లో తొలి చట్టం చేసింది. దానికి ముందటి ఏడాది బొంబాయి శాసనమండలిలో ఆ బిల్లును సమర్థించిన డా. బి.ఆర్. అంబేద్కర్, ప్రసవానికి ముందూ తరువాతా తల్లికి విశ్రాంతి లభించడం జాతి ప్రయోజనమని, ఆ భారంలో అధికభాగం ప్రభుత్వమే వహించాలని వాదించారు. నాటి ఆంధ్ర జిల్లాలు భాగమైన మద్రాసు రాష్ట్రానికి 1934 నాటి చట్టం వచ్చింది. ఈ తొలి దశ చర్చలన్నిటికీ కేంద్రం ప్రసవమే.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలో గర్భస్రావానికి ప్రత్యేక నిర్వచనం, ప్రత్యేక సెక్షన్ ఉన్నాయి. గర్భం 26వ వారం ముగిసేలోపు పోతే అది గర్భస్రావం. రుజువు చూపిన స్త్రీకి ఆ మరుసటి రోజు నుండి 6 వారాల సెలవు, ప్రసూతి ప్రయోజనపు రేటున వేతనం లభిస్తాయి. ఆ కాలంలో ఆమెను పనిలో పెట్టుకోవడం యజమానికి నిషిద్ధం. గర్భస్రావం వలన అనారోగ్యం కలిగితే మరొక నెల వరకు వేతనంతో కూడిన సెలవు ఉంది. ‘బిడ్డ’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో మృతశిశువు కూడా చేరింది. కనుక 26 వారాలు దాటిన తరువాత ప్రాణం లేని బిడ్డ పుట్టినా, చట్టం దృష్టిలో అది సంపూర్ణ ప్రసవమే.

ఈ 6 వారాలు ఎక్కడి నుండి వచ్చాయి? 1961 చట్టం ప్రసవానికి ఇచ్చిన 12 వారాలలో కాన్పుకు ముందు గరిష్ఠంగా 6 వారాలు వాడుకోవచ్చు. మిగిలినవి కాన్పు తరువాతి 6 వారాలు. అంటే ప్రసవించిన దేహానికీ గర్భం కోల్పోయిన దేహానికీ కోలుకోవడానికి చట్టం సమానమైన గడువే ఇచ్చింది. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే అంశం ఇదే. బిడ్డ ఉన్నదా లేదా అన్నది అక్కడ ప్రమాణం కాదు, పని చేసే స్త్రీ దేహమే ప్రమాణం.

2017 సవరణ ఈ సమానతను చెరిపివేసింది. ప్రసవానికి 26 వారాలు ఇచ్చి, కాన్పుకు ముందు 8 వారాలకు మించి వాడుకోరాదన్నది. కాన్పు తరువాత కనీసం 18 వారాలు మిగిలాయి. గర్భస్రావానికి మాత్రం అదే 6 వారాలు. సెలవు ఉద్దేశం దేహవిశ్రాంతి నుండి శిశుపోషణకు జరిగిందన్నమాట. శిశుపోషణకు ఆ వారాలు అవసరమే, అందులో వివాదం లేదు. కానీ సవరణకర్తలు రెండవ సెక్షన్ వైపు చూడనే లేదు. ఫలితంగా, ఇద్దరు పిల్లలు లేని స్త్రీకి 26వ వారంలో గర్భం పోతే 6 వారాలు, 27వ వారంలో పోతే 26 వారాలు. (రెండుచోట్లా 26 అన్న అంకె రావడం కేవలం కాకతాళీయం.) 2020 సామాజిక భద్రతా స్మృతిలోకి ఈ నిబంధనలు చేరినప్పుడు కూడా ఆ 6 వారాలు అలాగే నిలిచాయి.

కేంద్ర ప్రభుత్వోద్యోగినుల లెక్క వేరు. వారికి గర్భస్రావ సెలవు మొత్తం ఉద్యోగకాలానికి 45 రోజులు. మృతశిశువు జన్మించినా, పుట్టిన 28 రోజులలోపు బిడ్డ మరణించినా 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవును 2022 సెప్టెంబరు ఉత్తర్వు కల్పించింది.

ఇవన్నీ జీతపు పట్టీలో పేరున్నవారి సంగతి. వ్యవసాయ కూలీలకు, ఇళ్ళలో పనిచేసేవారికి వచ్చినవి నగదు పథకాలు. వాటి వంశం వేరు, భాష వేరు. 1995 నాటి జాతీయ ప్రసూతి ప్రయోజన పథకం 300 రూపాయలను, తరువాత 500 రూపాయలను, మొదటి రెండు ‘సజీవ జననాల’ వరకే ఇచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం 6000 రూపాయలకు తగ్గని ప్రయోజనాన్ని హక్కుగా ప్రకటించగా, 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృవందన యోజన మొదటి సజీవ సంతానానికి 5000 రూపాయలను మూడు వాయిదాలలో ఇచ్చింది: గర్భం నమోదు, వైద్యపరీక్ష, బిడ్డ జనన నమోదు, తొలి టీకాలు. తెలంగాణలో అదే ఏడాది మొదలైన కేసీఆర్ కిట్ పథకపు నగదు కూడా మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 అని బిడ్డతోనే లెక్క కట్టింది.

మాతృవందన మార్గదర్శకాలలో గర్భస్రావం ప్రస్తావన ఉంది. గర్భం పోయేనాటికి స్త్రీ ఒక వాయిదా అందుకొని ఉంటే, మిగిలిన వాయిదాలను రాబోయే గర్భానికి అడగవచ్చునని 2017 నియమం. అంటే తరువాతి గర్భంలో మొదటి వాయిదా ఉండదు. కోల్పోయిన గర్భం ఆమె ఖాతాలో ఒక ఖర్చుగా మిగిలిపోయింది. 2022 నుండి వర్తించిన కొత్త నియమాలు ఈ లోపాన్ని దిద్దాయి. గర్భస్రావమైనా మృతశిశు జననమైనా, తరువాతి గర్భంలో ఆమెను కొత్త లబ్ధిదారుగానే పరిగణిస్తారు. దిద్దుబాటు మంచిదే. కానీ రెండు నియమాలూ చూసినది రాబోయే గర్భం వైపే. పైగా తొలి వాయిదాకు మాతా శిశు సంరక్షణ కార్డు కావాలి, అందులో చివరి నెలసరి తేదీ నమోదై ఉండాలి. నమోదుకు ముందే, రెండవ నెలలోనో మూడవ నెలలోనో గర్భం పోయిన స్త్రీ ఈ పథకానికి ఎన్నడూ గర్భిణి కాదు.

కర్మాగారంలో పనిచేసే స్త్రీకి 1961లో దక్కిన ఆ 6 వారాల కూలి, నాట్లకూ కలుపుకూ వెళ్ళే స్త్రీకి ఈ పథకంలో ఏ పద్దు కిందా లేదు.